పరాయి దేశంలో విమానానికి ఆయిలు కొట్టించడం

(భీమవరంలో ఆక్వా ఎగుమతిదారులు, ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చున్న ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు కోనసీమ నుంచి వెళ్లి, గల్ఫ్‌లో ప్రైవేటు విమానాల ఆపరేషన్స్ విభాగంలో పనిచేసి వచ్చినవారు. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి.

సొంత విమానం కొనడం ఎలాగో చెప్పమని నన్ను పిలిచినవాళ్లు మొదట అడిగారు. అది నా పని కాదన్నాను. కొనే స్తోమత ఉంటే అమ్మేవాళ్లే ఇంటికొచ్చి చెబుతారు. నాకు తెలిసింది ఆ తరవాతి సంగతి. విమానం కొన్నారు, లేదా అద్దెకి తీసుకున్నారు. ఎక్కడో పరాయి దేశంలో దిగారు. ట్యాంకులో మిగిలింది కొంచెమే. ఇప్పుడు ఆయిలు ఎవరు పోస్తారు, డబ్బు ఎవరికి కట్టాలి, ఎప్పుడు కట్టాలి? గల్ఫ్‌లో నా ఉద్యోగంలో సగం ఇదే. పైలట్ గాల్లో ఉంటే నేను కింద కూర్చుని ఫోన్లు చేసేవాణ్ణి.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ లీటరు ఎంత?" అని. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. ముందు అడగాల్సింది, "మనకి పోయమని అక్కడి వాళ్లకి ఎవరు చెప్పారు?" అని. ఎందుకంటే విమానాశ్రయంలో బంకు ఉండదండి. ఆయిలు అమ్మే కంపెనీ ఒకటి, అక్కడి ట్యాంకులు ఇంకొకరివి, బౌజర్ అనే ట్యాంకరు బండి నడిపి రెక్కలోకి పోసేవాడు మూడోవాడు. కొన్ని చోట్ల ముగ్గురూ ఒకటే. చాలా చోట్ల కాదు. మీరు డబ్బు కట్టేది మొదటివాడికి, మీ ముందు నిలబడేది మూడోవాడు. మీరెవరో ఆ మూడోవాడికి తెలియదు. అతని దగ్గర ఒక కాగితం ఉంటే పోస్తాడు, లేకపోతే పోయడు. మీరు ఎంత పెద్దమనిషన్నది అతనికి అనవసరం.

ఇది ఈనాటి ఏర్పాటేమీ కాదు. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి మొదటి టపా విమానం నడిపారు. మధ్యలో అహ్మదాబాద్‌లో దిగితే, బర్మా షెల్ వాళ్లు నాలుగేసి గ్యాలన్ల డబ్బాల్లో పెట్రోలు ఎద్దుబండి మీద తెచ్చి పోశారు. అందరూ ఎద్దుబండి చూసి ముచ్చటపడతారు. నాకు ముచ్చటేసేది, విమానం దిగే వేళకి ఆ బండి అక్కడికి చేరేట్టు ఎవరో ముందే చూసుకోవడం. మా ఉద్యోగం అదే, బండి మారింది.

బౌజర్ మనిషి చూసే ఆ కాగితాన్ని ఫ్యూయల్ రిలీజ్ అంటారు. మీ తరఫున అమ్మకందారు కంపెనీ అక్కడి విమానాశ్రయానికి పంపే అనుమతి అన్నమాట. ఫలానా రిజిస్ట్రేషన్ విమానం, ఫలానా తేదీ, సుమారు ఇన్ని లీటర్లు, బిల్లు ఫలానా వారి ఖాతాకి, ఇక్కణ్ణుంచి పోయేది ఫలానా ఊరికి అని అందులో ఉంటుంది. ఆ చివరిది, పోయేది ఎక్కడికి అన్నది, చిన్న వివరంలా కనిపిస్తుంది. పన్ను పడుతుందా లేదా అన్నది చాలా చోట్ల దాని మీదే తేలుతుంది. దాని గురించి తరవాత చెబుతాను.

రిలీజ్‌కి గడువుంటుంది. ఒక రోజో, రెండు మూడు రోజులో. ప్రయాణం వాయిదా పడితే కాగితం చచ్చిపోతుంది, మళ్లీ తెప్పించుకోవాలి. విమానం మారినా అంతే. ఒకసారి మా కస్టమర్ విమానం బయల్దేరే ముందు రిపేరుకి వచ్చింది. అదే మోడల్, అదే రంగు విమానం ఇంకొకటి పంపారు. దిగింది అర్ధరాత్రి దాటాక. రిలీజ్ మీద పాత రిజిస్ట్రేషన్ ఉంది. బౌజర్ కుర్రాడు కాగితం చూశాడు, తోక మీద అక్షరాలు చూశాడు, బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. లోపల ప్రయాణికులు, బయట పైలట్, ఫోన్లో నేను. అమ్మకందారు ఆఫీసు ఇంకో ఖండంలో ఉంది, అక్కడి డ్యూటీ మనిషి దొరికేసరికి తెల్లారింది. ఆ కుర్రాడిది తప్పంటారా? నేననను. వేరే విమానంలో పోస్తే ఆ డబ్బు అతని జీతంలోంచి పోయేది.

ఇక డబ్బు కట్టే దారులు. పెద్ద కంపెనీలైతే అమ్మకందారు దగ్గర ఖాతా తెరిచి, అప్పు పరిమితి పెట్టించుకుంటాయి. నెలకో, పదిహేను రోజులకో బిల్లు వస్తుంది. ఖాతా తెరవడానికే వారాలు పడుతుంది. కంపెనీ పత్రాలు, బ్యాంకు వివరాలు, యజమానులు ఎవరు, ఏ దేశాల మీద ఆంక్షలు ఉన్నాయి, అన్నీ చూస్తారు. రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళ ఖాతా అడిగితే అవదు.

రెండోది ఫ్యూయల్ కార్డు. పాత పైలట్లు కార్నే అంటారు. ఎయిర్ బీపీ అనే ఆయిలు కంపెనీ వాళ్లకి స్టెర్లింగ్ కార్డు ఉంది, అమెరికా వైపు ఆవ్‌ఫ్యూయల్, ఆవ్‌కార్డ్ లాంటివి ఉన్నాయి. ఇవి మామూలుగా మనిషి పేరు మీద కాకుండా విమానం పేరు మీద ఇస్తారు. కార్డు మీద మన దేశపు విమానాలకి ఉండే వీటీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఉంటే ఆ విమానానికే చెల్లుతుంది. కార్డు చేతిలో ఉంది కదా అని ధీమా పడకండి. ఆ కంపెనీ కార్డు ఆ విమానాశ్రయంలో తీసుకుంటారా అని ముందే రాతపూర్వకంగా అడగాలి. తీసుకున్నా, కార్డు చూపించి కొంటే ఆ రోజు బోర్డు ధర పడొచ్చు, అదే అమ్మకందారుతో ముందే మాట్లాడుకుని రిలీజ్ తెప్పించుకుంటే తక్కువ పడొచ్చు. ఈ కాంట్రాక్టు ధరలు చాలా చోట్ల వారం వారం మారతాయి. కిందటి నెల కొటేషన్ జేబులో పెట్టుకుని వెళితే పనికిరాదు.

మూడోది ముందే డబ్బు పంపడం. ఖాతా లేదు, కార్డు లేదు, అక్కడి విమానాశ్రయంలో మన పనులు చూసిపెట్టే హ్యాండ్లింగ్ ఏజెంటు అడ్వాన్సు అడుగుతాడు. బ్యాంకు ద్వారా పంపితే చేరడానికి రోజులు పడుతుంది, మధ్యలో శని ఆదివారాలు. గల్ఫ్‌లో కొన్ని దేశాల్లో సెలవు శుక్రవారం, యూరప్‌లో ఆదివారం, మనకి రెండో శనివారం. మూడు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూస్తే బ్యాంకు పనిచేసే రోజులు ఎన్ని మిగులుతాయో చూడండి.

నాలుగోది మామూలు క్రెడిట్ కార్డు. అమెరికాలో, యూరప్‌లోని చిన్న విమానాశ్రయాల్లో బాగానే నడుస్తుంది. కొన్ని చోట్ల పంపు పక్కన మెషిన్ ఉంటుంది, కార్డు పెట్టి మనమే పోసుకోవాలి. మనవాళ్లకి వచ్చే చిక్కులు వేరు. 2020లో ఆర్‌బీఐ తెచ్చిన నిబంధన వల్ల, విదేశీ వాడకాన్ని మనం ప్రత్యేకంగా ఆన్ చేయించుకుంటే తప్ప కార్డు బయట పనిచేయదు. ఇంకొకటి, ఏజెంటు లింకు పంపి ఆన్‌లైన్‌లో కట్టమంటాడు. ఓటీపీ వెళ్లేది పాలకొల్లులో అకౌంటెంట్ గారి ఫోనుకి. అక్కడ తెల్లవారుజామున మూడు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఇది జరిగే పనే. ఇంకో మాట, మెషిన్ మీద "రూపాయల్లో కడతారా, స్థానిక కరెన్సీలో కడతారా" అని అడిగితే స్థానిక కరెన్సీయే నొక్కండి. రూపాయల్లో అంటే మార్పిడి రేటు వాడి ఇష్టం.

నగదు సంగతి చివర్లో ఎవరో అడుగుతారు, నాకు తెలుసు. అప్పుడు చెబుతాను.

ధర గురించి. లీటరు ఒక డాలరు అని చెప్పారనుకోండి, ఊరికే లెక్క కోసం. దాని మీద విమానంలోకి పోసినందుకు లీటరుకి 5 సెంట్లు. బండి వచ్చినందుకు 150 డాలర్లు. రాత్రి వేళ మనిషిని పిలిపించినందుకు 300. మీరు 2,000 లీటర్లు కొట్టిస్తే మొత్తం 2,550 డాలర్లు, లీటరు దాదాపు 1 డాలరు 28 సెంట్లు. సరే అనుకోవచ్చు. అదే 600 లీటర్లే కొట్టించారా, మొత్తం 1,080, లీటరు 1 డాలరు 80 సెంట్లు. బోర్డు మీద ధర ఒకటే. అందుకే "లీటరు ఎంత" అని కాకుండా "నాకు ఇన్ని లీటర్లు కావాలి, ఫలానా టైముకి కావాలి, అన్నీ కలిపి ఎంత" అని అడగాలి. అమెరికాలో తమాషా ఇంకోలా ఉంటుంది. అక్కడ విమానం నిలిపినందుకు ఒక ఫీజు వేస్తారు, ఇన్ని గ్యాలన్లు కొంటే ఆ ఫీజు మాఫీ చేస్తారు. అవసరం లేని ఆయిలు కొని ఫీజు మిగుల్చుకోవాలా అని పైలట్ లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు పన్ను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ప్రైవేటు విమానం వాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది ఎదుర్లంక వారధి దాటి యానాంలో పెట్రోలు కొట్టించుకున్నారు? చేతులు ఎత్తక్కర్లేదు, నేనూ కొట్టించుకున్నాను. అదే కంపెనీ, అదే పెట్రోలు, గోదావరి దాటితే పన్ను పుదుచ్చేరిది. అంతవరకూ అందరికీ తెలుసు. విమానానికి లెక్క తిరగబడుతుంది. ఏటీఎఫ్, అంటే విమానాల ఇంధనం, జీఎస్టీలో లేదు, రాష్ట్రాలు తమ వ్యాట్ వేసుకుంటాయి. కొన్ని రాష్ట్రాల్లో అది 25, 29 శాతం దాకా ఉంది. మన ఆంధ్రాలో ఒక శాతం. మోటారు సైకిల్ పెట్రోలు మీద మాత్రం 31 శాతం, పైన లీటరుకి మరో నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు. అంటే స్కూటరువాడు యానాం పోవాలి, విమానంవాడు ఆంధ్రాలో దిగాలి. (నవ్వులు)

విదేశంలో ఇంకో మెలిక ఉంది. యానాంలో ఎవరు కొట్టించుకున్నా రేటు ఒకటే. యూరప్‌లో ఒకే బౌజర్, ఒకే గొట్టం, ఒకే జెట్ ఎ-1 రకం ఆయిలు, కొనేవాడు ఎవడన్న దాన్ని బట్టి పన్ను. 2003 నాటి యూరోపియన్ యూనియన్ ఇంధన పన్ను ఆదేశం 14వ అధికరణ ప్రకారం విమాన ప్రయాణానికి వాడే ఇంధనానికి పన్ను మినహాయింపు ఉంది, సొంత విహారానికి ఎగిరే విమానాలకి మాత్రం లేదు. ఎయిర్‌లైన్స్‌కి పన్ను లేదు, విమానాలు అద్దెకి తిప్పే చార్టర్ కంపెనీకి తన ఆపరేటర్ సర్టిఫికెట్ చూపిస్తే లేదు.

"నేను విహారానికి పోవడం లేదయ్యా, వ్యాపారానికి పోతున్నాను" అంటారు మీరు. జర్మనీలో హెల్మ్‌హోల్జ్ అనే కంపెనీ సరిగ్గా అదే వాదించింది. సొంత విమానం, దాంట్లో మేనేజింగ్ డైరెక్టర్ మీటింగులకి తిరిగేవాడు. 2011 డిసెంబర్‌లో యూరోపియన్ కోర్టు తేల్చి చెప్పింది. డబ్బు తీసుకుని ఇతరులని మోసే సర్వీసు అయితేనే మినహాయింపు, సొంత కంపెనీ పనికి సొంత విమానంలో తిరిగితే పన్ను కట్టాల్సిందే అని. రాజుగారు, మీరు విమానం కొంటే రొయ్యల కంపెనీ పేరు మీద కొంటారు కదా, అది హెల్మ్‌హోల్జ్ లెక్కలోకే వస్తుంది.

అమెరికా ఈ తేడాని సెంట్లలో రాసి పెట్టింది. జెట్ ఫ్యూయల్ మీద ఫెడరల్ పన్ను వాణిజ్య విమానానికి గ్యాలనుకి 4.4 సెంట్లు, వాణిజ్యం కానిదానికి 21.9. రాష్ట్రాల పన్ను దీని మీద వేరే. బ్రిటన్‌లో ఇంకో ఏర్పాటు ఉంది. పన్ను కట్టి కొన్న ఆయిలుతో దేశం దాటి వెళితే, ఆ సుంకం తిరిగి ఇమ్మని హెచ్‌ఓ 60 అనే ఫారం పెట్టుకోవచ్చు. చిన్న విమానాల పైలట్లు శ్రద్ధగా పెడతారు. మన షావుకార్లు పెట్టరు, ఫారం అంటే విసుగు.

ఇందాక రిలీజ్ మీద తదుపరి ఊరు ఉంటుందన్నాను కదా. చాలా దేశాల్లో సరిహద్దు దాటే విమానానికి ఒక లెక్క, లోపలే తిరిగే విమానానికి ఇంకో లెక్క. పైలట్ కార్యక్రమం మార్చి, మధ్యలో అదే దేశంలో ఇంకో ఊళ్లో దిగితే బిల్లు మారిపోతుంది.

మరి చవక దేశంలో నిండా కొట్టించుకుని ఖరీదు దేశానికి పోవచ్చా? పోవచ్చు. ట్యాంకులో ఉన్నదాని మీద దిగిన దేశం సుంకం వేయకూడదని 1944 షికాగో ఒప్పందం 24వ అధికరణ చెబుతోంది. ఎయిర్‌లైన్స్ కూడా చేస్తాయి, ట్యాంకరింగ్ అంటారు. కానీ మోసే బరువు ఊరికే రాదు. అదనంగా మోసిన దాంట్లో గంటకి సుమారు 3, 4 శాతం ఆ మోతకే కాలిపోతుంది. మూడు గంటల ప్రయాణానికి 1,000 కిలోలు అదనంగా పోస్తే దిగేసరికి 100 కిలోల దాకా పోతుంది. ధరలో తేడా పదో వంతు దాటకపోతే అనవసరమైన శ్రమ. పైగా దిగేటప్పుడు గరిష్ఠ బరువు మించకూడదు, వేసవిలో పొట్టి రన్‌వే అయితే అసలే కుదరదు. ఇది యజమాని నిర్ణయించే సంగతి కాదు, పైలట్‌కి వదిలేయండి.

ఇంజనీరింగ్ పిల్లలకి ఒక్క మాట, కొలతల గురించి. పైలట్ ఆలోచించేది కిలోల్లోనో పౌన్లలోనో, బౌజర్ మీటరు తిరిగేది లీటర్లలో, అమెరికాలో గ్యాలన్లలో. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను 4.546. జెట్ ఎ-1 లీటరు సుమారు 0.8 కిలో, ఎండాకాలం ఇంకా తేలిక. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కి 22,300 కిలోలు కావాల్సి ఉండగా, లెక్కలో కిలోల బదులు పౌన్లు వాడారు. సగం కూడా పడలేదు. గాల్లో రెండు ఇంజన్లూ ఆగిపోతే, గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం రన్‌వే మీద దాన్ని గ్లైడర్‌లా దించారు. ఎవరూ చనిపోలేదు, అదృష్టం. రసీదు మీద సంఖ్య ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు, పక్కన కొలత ఏముందో చూడండి.

ఇంతవరకూ చెప్పింది జెట్, టర్బోప్రాప్ విమానాల గురించి. సెస్నా 172 లాంటి చిన్న పిస్టన్ విమానంలో దేశాలు తిరగాలని ఎవరికైనా ముచ్చట ఉంటే, వాళ్ల కష్టం వేరు. దానికి కావాల్సింది 100 ఎల్‌ఎల్ అనే అవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు, నీలం రంగులో ఉంటుంది. ఆసియాలో, ఆఫ్రికాలో పెద్ద విమానాశ్రయాల్లో కూడా దొరక్కపోవచ్చు. మన దేశమే 2022 దాకా దిగుమతి చేసుకుంది, ఆ ఏడాది ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మొదట్లోనే 80 పీపాలు పాపువా న్యూ గినియాకి ఎగుమతి చేశారు. పీపా అంటే 200 లీటర్లు. సెస్నా ట్యాంకులు రెండూ కలిపినా సుమారు 212 లీటర్లు. ఉత్తర ధ్రువం వైపు కొన్ని ఊళ్లలో పీపా విప్పితే మొత్తం మీరే కొనాలి. సగం మిగిలినా డబ్బు మీదే, మిగిలింది వాళ్లది.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి: మాస్టారూ, ఇవన్నీ ఎందుకండీ, డాలర్లు బ్యాగులో పెట్టుకుపోతే సరిపోదా?)

అడుగుతారని చెప్పాను కదా. ఆఫ్రికాలో, మధ్య ఆసియాలో కొన్ని చోట్ల డాలరు నోట్లు తప్ప ఏదీ తీసుకోని రోజులున్నాయి, ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. నోటు మడత నలిగినా, పాత సీరీస్ అయినా వెనక్కి ఇచ్చేస్తారు. కానీ మన చట్టం ప్రకారం కొన్ని దేశాలు మినహా ఒక ప్రయాణానికి మనిషి పట్టుకెళ్లగలిగే విదేశీ నోట్లు 3,000 డాలర్లు. కింగ్ ఎయిర్ బీ200 లాంటి టర్బోప్రాప్ నిండా కొడితే సుమారు 2,000 లీటర్లు. ఇందాకటి లెక్కే వేసుకోండి, ఒక్క స్టాపుకే బ్యాగు ఖాళీ. నలుగురు ప్రయాణికుల దగ్గర పంచి పెట్టించాలని మీరు అనుకుంటున్నారు, ఆ మొహం చూస్తే తెలుస్తోంది. ఆ పని చేయకండి. నగదు ఉంచుకోండి, ల్యాండింగ్ ఫీజుకో, రాత్రి డ్యూటీ మనిషికో. ఆయిలుకి కాదు.

(సభలోంచి: మన రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం నుంచే నేరుగా విదేశం ఎగరొచ్చాండి?)

కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ ఉన్న విమానాశ్రయంలో ఆగి, అక్కణ్ణుంచే పోవాలి. ఆ ఆగినచోట ఆయిలు ఎంత పోయించాలన్నది ముందే లెక్క వేసుకోండి. చమురు కంపెనీలు ఏటీఎఫ్ ధర ప్రతి నెలా ఒకటో తారీకున మారుస్తాయి. ముప్పయ్యో తారీకు రాత్రి బయల్దేరడమా, ఒకటో తారీకు పొద్దున్నా అని ఆలోచించే యజమానులని చూశాను.

(ఒక విద్యార్థిని: సార్, బిల్లు ఎక్కువ వేశారని ఇంటికొచ్చాక తెలిస్తే ఏం చేయాలి?)

మంచి ప్రశ్న అమ్మా. అసలు బిల్లు వారాల తరవాత వస్తుంది. అందులో పోసిన రోజు ఎవరూ చెప్పని ఫీజులు రెండు మూడు ఉంటాయి. అప్పుడు మన చేతిలో ఉండాల్సింది మూడు కాగితాలు. ముందు తీసుకున్న కొటేషన్, రిలీజ్ కాపీ, బౌజర్ మనిషి ఇచ్చిన డెలివరీ రసీదు. పోయడానికి ముందు మీటరు, పోశాక మీటరు, రెండూ ఆ రసీదు మీద ఉండాలి. కో-పైలట్ దగ్గరుండి ఫోనులో ఫోటో తీసుకోవాలి. మేము ఒక చోట 1,400 లీటర్లు పోయిస్తే 1,900కి బిల్లొచ్చింది. ఫోటో పంపిన మర్నాడే సవరించి ఇంకో బిల్లు పంపారు. ఫోటో లేకపోతే ఆ 500 లీటర్లు మనం తాగేసినట్టే రాసుకునేవారు.